మల్లె కణుపు దగ్గర మొదలయ్యే వసంతం: దక్షిణపు బాల్కనీ కుండీల గురించి

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. తెనాలి నుంచి హైదరాబాదు వచ్చిన తరువాత నాలుగో అంతస్తులో, దక్షిణం వైపు తెరిచి ఉన్న బాల్కనీలో మల్లె, గులాబీ, చామంతి, మందారం, అడీనియం (ఎడారి గులాబీ) కుండీలు పెట్టుకున్నారు. ఇప్పుడు, అంటే ఫిబ్రవరి మొదటి వారంలో, మల్లె ఎండుపుల్లల్లా నిలబడి ఉంది, అడీనియం ఆకులన్నీ రాల్చేసింది, చామంతి పూలు మాడిపోయాయి, గులాబీ ఒక్కటే ఎర్రటి చిగుళ్ళు వేస్తోంది. ఇవి చనిపోతున్నాయా, లేక వసంతానికి సిద్ధమవుతున్నాయా, ఎరువు ఇప్పుడే వేయవచ్చా అని అడిగారు. చివరలో, ఒక చిన్న పిట్ట రోజూ వచ్చి గోడ మూలనున్న సాలెగూడు పీక్కుపోతోందని కూడా రాశారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ మొక్కలలో ఏదీ చనిపోలేదనే నా నమ్మకం. అయితే ఎరువు విషయంలో ఒక్కొక్క కుండీకి ఒక్కొక్క సమాధానం ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పంచాంగం ప్రకారం మాఘ ఫాల్గుణాలు శిశిరం, చైత్ర వైశాఖాలు వసంతం. నేలలో వేళ్ళూనిన వేపచెట్టు ఈ లెక్కను చాలావరకు పాటిస్తుంది. ఆకు రాల్చి, రాగి రంగు చిగురు తొడిగి, ఉగాది నాటికి పూత చూపిస్తుంది. కుండీలోని మొక్క మాత్రం అంతవరకు ఆగదు, ఎందుకంటే కుండీలో ఉన్న కొద్దిపాటి మట్టి త్వరగా వేడెక్కుతుంది, పక్కనున్న గోడ పగలు పీల్చుకున్న వేడిని రాత్రి వదులుతూ ఉంటుంది. హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరకు దిగుతాయి. మీ తెనాలిలో రాత్రులు అంత చల్లబడవు కనుక, అక్కడ పెరట్లో మల్లెను చూసిన అలవాటుతో ఇక్కడి మల్లెను చూస్తే అది వెనుకబడినట్టు అనిపించడం సహజమే. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు అనే మాట ఇక్కడి కుండీలకు బాగా వర్తిస్తుంది.

పూలను చూసి వసంతం వచ్చిందని అనుకుంటే అప్పటికే ఆలస్యమై ఉంటుంది. దాన్ని ముందుగా పట్టిచ్చేవి మూడు: కుండీ ఆరే వేగం, బాల్కనీ నేల మీద ఎండ గీత జరిగే తీరు, కొమ్మ మీద కణుపు. మొదటిది అన్నిటికంటే సులువు. వేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి గుచ్చి చూడండి. జనవరిలో నీళ్ళు పోసిన నాలుగో రోజుకు కూడా తడి తగిలిన కుండీలో, ఒకనాడు రెండో రోజుకే పొడి తగులుతుంది. ఎండ పెరగడం వల్ల కొంత ఆరినా, ఆ తేడాలో ఎక్కువ భాగం వేళ్ళు పని మొదలుపెట్టాయని చెప్పే గుర్తు. పైకి ఏ మార్పూ కనబడని మొక్కల విషయంలో కూడా ఈ గుర్తు నన్ను చాలాసార్లు ముందుగా హెచ్చరించింది. అది కనిపించిన తరువాతే నీళ్ళు పెంచాలి తప్ప, మొక్క వాడిపోయినట్టు ఉందని ముందుగా పెంచకూడదు.

రెండోది ఎండ గీత. దక్షిణపు బాల్కనీ ఉన్నవారికి ఇది అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం, అయినా దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దక్షిణ దిక్కున సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి ఎండ బాల్కనీ లోపలి గోడను కూడా తాకుతుంది. మార్చి 21 నాటికి అదే సూర్యుడు 72 డిగ్రీలు దాటతాడు, మే రెండో వారంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పై అంతస్తు స్లాబు మీ నేలకు తొమ్మిది అడుగుల ఎత్తున, మీ బాల్కనీ అంచుదాకా ఉందనుకుంటే, మధ్యాహ్నపు ఎండ డిసెంబరులో ఏడున్నర అడుగులకు పైగా లోపలికి వస్తుంది, ఫిబ్రవరి మధ్యలో ఐదడుగులకు కాస్త పైగా వస్తుంది, మార్చి 21కి మూడడుగుల లోపే ఆగిపోతుంది, ఏప్రిల్ మధ్యకు దాదాపు అడుగు దగ్గర నిలుస్తుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు మనకు ఉత్తరంగా ప్రయాణిస్తాడు కనుక దక్షిణపు బాల్కనీకి నేరుగా ఎండే పడదు.

నేను పదకొండేళ్ళు ఐదడుగుల లోతున్న దక్షిణపు బాల్కనీలోనే మొక్కలు పెంచాను. ఫిబ్రవరి మూడో వారంలో ఒకరోజు మధ్యాహ్నపు ఎండ గోడను పూర్తిగా వదిలేసి నేల మీదికి దిగేది. నా వరకు వసంతం మొదలయ్యేది ఆ రోజునే. మీరు కూడా వారానికి ఒకసారి మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఎందుకంటే ఈ నెలల్లో హైదరాబాదులో సూర్యుడు అత్యంత ఎత్తుకు చేరేది దాదాపు ఆ వేళకే, ఎండ ఎక్కడ ఆగిందో అక్కడ సుద్దముక్కతో ఒక గీత గీయండి. నాలుగు గీతలు పడేసరికి మీ మొక్కలు ఏ వైపుకు జరగాలో మీకే తెలిసిపోతుంది. చలికాలమంతా గోడ పక్కన హాయిగా ఉన్న మల్లె, మార్చిలో అదే చోట ఉంటే నీడలో పడిపోయి ఆకులు మాత్రమే వేస్తుంది. చాలామంది "మా మల్లె పూయడం లేదు" అని ఎరువుల మీద ఎరువులు వేస్తారు. ఎక్కువ సందర్భాలలో కుండీని మూడడుగులు ముందుకు జరపడమే అసలైన చికిత్స.

ఇక మల్లె దగ్గరకు వద్దాం. మల్లె పాత కొమ్మల మీద కాదు, ఆ ఏడు వచ్చిన కొత్త రెమ్మల చివర పూస్తుంది. అందుకే మన వైపు తోటల రైతులు చలికాలంలో నీరు ఆపి, ఆకు దూసి, కొన్నిచోట్ల గొర్రెల మందను వదిలి ఆకు మేపించి, ఆ తరువాత కొమ్మలు కత్తిరిస్తారు. అలా విశ్రాంతి దొరికిన మొక్క ఒక్కసారిగా చిగురిస్తుంది. మీ మల్లె తానంతట తానే ఆకు రాల్చుకుని ఎండుపుల్లలా ఉందంటే, చలికీ తక్కువ నీటికీ అది విశ్రాంతిలోకి వెళ్ళి ఉంటుంది. నిర్ధారించుకోవడానికి ఒక కొమ్మ మొదలు దగ్గర బొటనవేలి గోటితో బెరడును సన్నగా గీకండి. పైపొర కింద పచ్చగా, కొద్దిగా తడిగా ఉండి, పచ్చి ఆకు వాసన వస్తే ఆ కొమ్మ బతికి ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మను పచ్చదనం తగిలే చోటుదాకా కత్తిరించండి.

తరువాత, నేను చెప్పిన మూడో గుర్తయిన కణుపును చూడండి. ఆకు రాలిన చోట అర్ధచంద్రాకారంలో ఒక చిన్న మచ్చ ఉంటుంది, దానికి సరిగ్గా పైన ఒక బొడిపె ఉంటుంది. జనవరిలో అది కొమ్మ రంగులోనే, చదునుగా, చేతికి తగలనట్టుగా ఉంటుంది. కొన్ని రోజులకు అది ఆవగింజంత ఉబ్బి, కొన మీద లేత ఆకుపచ్చ రంగు తిరుగుతుంది. మల్లెలో ఆకులు ఎదురెదురుగా వస్తాయి కాబట్టి ఈ బొడిపెలు కూడా కణుపుకు రెండు వైపులా జంటగా ఉబ్బుతాయి. ఉదయపు ఎండలో కొమ్మను కళ్ళ ఎత్తుకు ఎత్తి చూస్తే ఆ జంట చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ చుక్కలు కనిపించిన రోజున నేను ఇంట్లో అందరినీ పిలిచి చూపిస్తాను.

మీరు ఇంతవరకు మల్లెను కత్తిరించి ఉండకపోతే ఇప్పుడు గట్టిగా కత్తిరించకండి. ఆ పని డిసెంబరు చివర, మరీ ఆలస్యమైతే జనవరి మొదట్లో, మొక్కను సుమారు ఒకటిన్నర అడుగుల ఎత్తుకు తగ్గిస్తూ చేయవలసింది. ఇప్పుడు ఎండిన పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే సన్నని రెమ్మలు తీసివేసి, మిగిలిన కొమ్మల కొనలను బెత్తెడు మేర తగ్గిస్తే చాలు. చిగురు కనిపించిన నెల, నెలన్నరలో మొదటి మొగ్గలు వస్తాయి. అవి సాధారణంగా మూడేసి గుత్తులుగా వస్తాయి, నడిమిది ముందుగా విచ్చుకుంటుంది. మీ బాల్కనీకి మే రెండో వారం తరువాత ఎండ ఉండదు కనుక, మీ మల్లెకు అసలైన కాలం మార్చి, ఏప్రిల్ నెలలే. వచ్చేసారి డిసెంబరులోనే కత్తిరించడం, ఈ ఫిబ్రవరి మూడో వారానికల్లా కుండీని రెయిలింగు పక్కకు జరపడం, వీలుంటే మే నెలలో డాబా మీదికో తూర్పు ఎండ పడే చోటికో మార్చడం మంచిది. రెయిలింగు లోపలి వైపునే, నేల మీదనో గట్టి పీట మీదనో ఉంచండి. నాలుగో అంతస్తు నుంచి కుండీ బయటికి వేలాడదీయడం ఎంతమాత్రం మంచిది కాదు.

మల్లెకు ఎరువు ఎప్పుడన్నది మీ అసలు ప్రశ్న. చిగురు వేలెడు పొడవయ్యేదాకా ఏమీ వేయవద్దు. ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. ఒక ఏడాది జనవరిలో, మొక్క నీరసంగా ఉందని వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు వారానికి రెండుసార్లు పోశాను. వేళ్ళు నిద్రలో ఉన్నాయి, మట్టి ఆరడం లేదు, పులిసిన చెక్క మట్టిలోనే ఉండిపోయింది. ఫిబ్రవరిలో కుండీ వంచి చూస్తే వేళ్ళు సగం నల్లబడి, చేతితో తాకగానే పైతొక్క ఊడి వచ్చింది. ఎనిమిదేళ్ళ మొక్క అది, దక్కలేదు. చిగురు వేలెడు అయ్యాక, పన్నెండు అంగుళాల కుండీకి పైమట్టి రెండు అంగుళాలు గుల్లచేసి, రెండు దోసిళ్ళ వర్మీకంపోస్టు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి నీళ్ళు పోయండి. ఆ తరువాత వంద గ్రాముల వేరుశనగ చెక్కను లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, దాన్ని పది లీటర్లు చేసి, పదిహేను రోజులకు ఒకసారి కుండీకి ఒక మగ్గు చొప్పున ఏప్రిల్ దాకా ఇస్తే సరిపోతుంది.

గులాబీ ఎర్ర చిగుళ్ళ గురించి భయపడవలసిన పని లేదు. లేత ఆకులో పచ్చదనం ఇంకా నిండక ముందు ఎండ తీవ్రత నుంచి దాన్ని ఆ ఎర్ర రంగు కాపాడుతుంది, ఆకు ముదిరేకొద్దీ అది పచ్చగా మారిపోతుంది. మీరు చూడవలసింది ఆ చిగురు ఎక్కడి నుంచి వస్తోందనేది. అంటు కట్టిన ఉబ్బు కంటే కింది నుంచి, మట్టిలోంచి బలంగా లేచే కొమ్మ అయితే అది మీరు కొన్న గులాబీ కాదు, అడుగున ఉన్న అడవి రకానిది. దాన్ని కత్తిరించకుండా, మొదలు దాకా మట్టి తీసి, పట్టి లాగి తీసివేయాలి. పైనుంచి వచ్చే చిగుళ్ళలో కొన్ని మొగ్గ లేకుండానే ఆగిపోతాయి. వాటిని గుడ్డి కొమ్మలంటాం; రెండు ఆకులు కిందికి తుంచితే మళ్ళీ పక్క నుంచి చిగురిస్తాయి. గులాబీకి ఎరువు ఇప్పుడే ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా, ఎందుకంటే ఎండలు ముదిరే ముందు దాని చివరి మంచి విడత పూలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనివే. గట్టి కత్తిరింపు మాత్రం వర్షాకాలం వెళ్ళాక చేసుకోండి.

చామంతి విషయం చిన్నది. పగటి పొద్దు తగ్గినప్పుడు పూసే మొక్క అది, పొద్దు పెరుగుతున్న ఈ రోజుల్లో దాని నుంచి పూలు ఆశించకూడదు. ఎండిన కొమ్మలను నాలుగు వేళ్ళ ఎత్తుకు కత్తిరించి మొదలు చుట్టూ చూడండి, మట్టిని చీల్చుకుని పిలకలు వస్తూ ఉంటాయి. మాడిన పూల కింద వచ్చే ఆ పిలకలే చామంతికి వసంతం. వాటిని వేసవి అంతా నీడలో బతికించుకుంటే చాలు, జూన్, జూలైలలో వాటి కొనలు తుంచి నాటుకోవచ్చు. మే నెలలో ఎండ పడని మీ దక్షిణపు బాల్కనీ ఈ ఒక్క పనికి చాలా అనుకూలం.

అడీనియం చలికాలంలో ఆకు రాల్చడం దాని స్వభావం. అడుగున ఉబ్బి ఉన్న దుంపను రెండు వేళ్ళతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఏ దిగులూ లేదు. కొద్దిగా మెత్తగా, ముడతలు పడి ఉంటే లోపలి నీరు వాడుకుందని అర్థం, అదీ ప్రమాదం కాదు. ఒకవైపు మాత్రమే మెత్తబడి, నొక్కితే తడి ఊరుతుంటే అది కుళ్ళు, ఆ భాగాన్ని ఆరోగ్యమైన కండ తగిలేదాకా కోసి ఆరనివ్వాలి. కొమ్మల కొనల మీద సూది మొనంత నిగనిగలాడే పచ్చ చుక్కలు కనబడేదాకా పదిహేను రోజులకు ఒక చిన్న గ్లాసు మించి నీళ్ళు వద్దు. నాలుగైదు ఆకులు విచ్చాక నీరు పెంచి, కొద్దిగా ఎరువు ఇవ్వవచ్చు. కుండీ మార్చాలనుకుంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మార్చండి.

మందారం మన దగ్గర ఏడాది పొడవునా పూస్తుంది కాబట్టి దానిలో వసంతాన్ని పువ్వులో వెతకలేం. నేను దాని చీమలను చూస్తాను. ఒక ఉదయం కాండం మీద చీమలు బారుగా పైకి ఎక్కుతూ కనిపిస్తే, కొన దగ్గరి లేత ఆకును తిప్పి చూడండి. అక్కడ పేనుబంకో పిండినల్లో చేరి ఉంటుంది, దాని తీపి జిగురు కోసమే చీమలు వస్తాయి. వసంతం మనకంటే ముందు ఈ పురుగులకు తెలుస్తుంది. ఈ దశలో గట్టి నీటిధారతో కడిగి, వారానికి ఒకసారి లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లితే అదుపులో ఉంటుంది. పదిరోజులు వదిలేస్తే కొమ్మ అంతా తెల్లబడి, కత్తిరించడం తప్ప మార్గం ఉండదు. గులాబీ మొగ్గ అంచులు మాడి విచ్చుకోకపోతే తామర పురుగులని, ఆకు అడుగున సన్నని గూడు అల్లి ఉంటే ఎర్రనల్లి అని గుర్తుపట్టండి. వేడి, పొడి గాలి పెరిగేకొద్దీ ఈ రెండూ పెరుగుతాయి. మల్లె మొగ్గలు మొదలు దగ్గర ఉబ్బి ఊదారంగుకు తిరిగితే ఆ మొగ్గల్లో ఈగ పిల్ల పురుగులు ఉన్నట్టు, వాటిని కోసి దూరంగా పారవేయండి, కుండీలోనే రాలనివ్వకండి.

ఇంకొక మాట. మీ దగ్గర గత ఏడాది వేసిన దుంపల కుండీ ఏదైనా, అమరిల్లిస్ కానీ, ఏప్రిల్, మే నెలల్లో ఎర్రని బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ కానీ, ఇప్పుడు ఖాళీగా కనిపిస్తుంటే అందులో వేరే మొక్క నాటకండి. ఆ మట్టి కింద దుంప ఉంది. అమరిల్లిస్‌లో చాలాసార్లు ఆకుకంటే ముందు పూకాడ వస్తుంది. దుంప పక్కనుంచి బల్లెపు మొనలా చదునుగా లేచేది కనిపిస్తే అది పువ్వే.

ఇక ఆ పిట్ట. అది తేనెపిట్ట అయి ఉంటుంది. మగపిట్ట చలికాలంలో పసుపుపచ్చని పొట్ట మీద నల్లటి చారతో ఉండి, ఈ రోజుల్లో ఒక్కొక్క మచ్చగా మెరిసే నీలి ఊదా రంగులోకి మారుతూ ఉంటే అది ఊదా తేనెపిట్ట. సాలెగూడు పీక్కుపోతున్నదంటే ఎక్కడో దగ్గరలో వేలాడే గూడు కడుతున్నట్టే. సాలెదారంతోనే అది ఎండుగడ్డినీ బెరడు ముక్కలనూ కలిపి కుడుతుంది. అందుచేత ఈ నెలంతా మూలల్లోని సాలెగూళ్ళు దులపకండి, దగ్గరలో వేపనూనె చల్లకండి. అది మీ కుండీల్లోని కొమ్మనే ఎంచుకుంటే, సాధారణంగా రెండు గుడ్లు పెట్టి, పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు తీసుకుంటుంది. ఆ కొమ్మ మీ మల్లెదే అయితే, ఎండ గీత గురించి పైన రాసినదంతా పక్కన పెట్టి, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కుండీని జరపకుండా, నీళ్ళు మాత్రం మొక్క మొదలు దగ్గరే నెమ్మదిగా పోయండి.